ఆవిర్లకు చరిత్ర లేదా?

గడ్డపోతారంలో షిఫ్టు మారే వేళ బస్సు కోసం నిలబడి ఉన్నాం. పక్కనున్నామె కొంగుతో మెడ తుడుచుకుంటూ, "గాలాడక కాదు చెల్లె, లోపల్నుంచే పొయ్యి ముట్టిచ్చినట్లయితది. జరసేపే. మల్ల చెమటలు, ఎన్కనే సలి" అంది. మందుల కంపెనీలో ప్యాకింగు పని, కాంట్రాక్టరు కింద. తలకు టోపీ, ముక్కుకు మాస్కు, మీద ఏప్రాన్. ఆవిరి కమ్మినప్పుడు అవేవీ విప్పడానికి లేదు. సూపర్‌వైజరుకి చెప్పుకుందామంటే ఏమని చెప్పుకోవాలి? ఆమెకి నలభై నాలుగేళ్ళు. గర్భసంచి తీయించుకుని పదమూడేళ్ళయింది. "సంచితోని ఇంకేం తీసిండ్రో నాకెవ్వలు చెప్పలే" అంది, బస్సెక్కుతూ.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నేను ముందు మాటల కోసం వెతికాను. మొదటి ముట్టుకి మనకు పండుగుంది, పాటలున్నాయి, సమర్తాడడం, పెద్దమనిషి కావడం అని బోలెడు పేర్లున్నాయి. ఆఖరి ముట్టుకి? ముట్లుడగడం అన్న మాటొకటి, అదీ గొంతు తగ్గించి అనేది. రజోనివృత్తి పాఠ్యపుస్తకాల మాట. ఇక ఆవిర్లు, ఒళ్ళు వేడిచేయడం. వేడిచేయడమంటే ఎండలో తిరిగినా చేస్తుంది, మామిడిపళ్ళు ఎక్కువ తిన్నా చేస్తుంది. నడివయసు స్త్రీ ఒంట్లో జరిగేది ఆ జాబితాలో ఎక్కడో కలిసిపోయింది. సుశ్రుత సంహిత కూడా పన్నెండో ఏట మొదలై యాభైకి ఆగుతుందని లెక్క చెప్పింది. బిడ్డల్ని కనే కాలానికి హద్దురాళ్ళు పాతినట్టు. హద్దు దాటినామె సంగతి ఎవరిక్కావాలి?

పాశ్చాత్యుల దగ్గర మరో రకం చరిత్ర ఉంది. 1816లో గార్డాన్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ దశకు ఒక పేరు పెట్టాడు. 1821 నాటికి దాన్ని కుదించి మెనోపాజ్ అన్నాడు. పేరు రావడంతో అది వైద్యుల ఆస్తి అయింది. 1942లో అమెరికాలో చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజన్ మాత్ర, ప్రెమారిన్, అమ్మకానికి వచ్చింది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు 'ఫెమినిన్ ఫరెవర్' అని పుస్తకం రాసి, ముట్లుడిగిన స్త్రీది హార్మోన్ల లోపంతో వచ్చిన రోగమనీ, మాత్ర వేసుకుంటే ఆడతనం శాశ్వతమనీ ప్రచారం చేశాడు. ఆడతనం ఎవరికోసం నిలబడాలో ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది. 2002లో అమెరికాలోనే, స్త్రీల మీద జరుగుతున్న పెద్ద పరీక్షలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపి ఇస్తున్న భాగాన్ని మధ్యలో ఆపేశారు. రొమ్ము కేన్సరు, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరుగుతోందని. పరీక్షలో ఉన్నవాళ్ళ సగటు వయసు అరవై మూడు. ఆవిర్లతో అల్లాడే వయసు అది కాదు. అయినా ఆ భయంతో నలభైల్లో, యాభైల్లో ఉన్నవాళ్ళూ మాత్రలు మానుకున్నారు. అరవై లోపు ఉండి, ఆవిర్లు తీవ్రంగా ఉన్నవాళ్ళలో చాలామందికి ముప్పు కంటే మేలే ఎక్కువని తర్వాత తేల్చారు. 2025 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఆ మందుల మీది పెద్ద హెచ్చరికను తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఒక తరం స్త్రీలను మింగమన్నారు, మరో తరాన్ని మింగవద్దన్నారు. రెండుసార్లూ అడగకుండానే.

అసలు జరిగేదేమిటి? మెదడులో హైపోథలామస్ అనే చోట ఒంటి వేడిని సరిచూసే ఏర్పాటుంది. మామూలుగా వేడి కాస్త అటూఇటూ అయినా అది పట్టించుకోదు. ఈస్ట్రోజన్ తగ్గితే ఆ వెసులుబాటు ఇరుకైపోతుంది. ఇసుమంత పెరిగినా ఒళ్ళు కాలిపోతున్నట్టు భ్రమపడి రక్తనాళాలు విప్పుతుంది, చెమటలు పోయిస్తుంది. వెనకనే చలి. ఒక్కో ఆవిరి కొద్ది నిమిషాలే. కానీ మొత్తం మీద ఏళ్ళ తరబడి సాగుతాయి. అండాశయాలు కూడా తీసేస్తే ఈ మార్పు మెల్లగా రాదు, ఒక్కసారిగా మీదపడుతుంది. అవి ఉంచి గర్భసంచి ఒక్కటే తీసినా, అవి ముందుగా పనిమానే అవకాశం ఎక్కువ. బస్టాపులో ఆమె అడిగింది ఈ ప్రశ్నే. జవాబు ఆమె డిశ్చార్జి కాగితంలో ఉండి ఉండాలి. ఆ కాగితం ఆమె దగ్గర లేదు.

ఆమె ఒక్కర్తీ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొదటిసారి ఈ ప్రశ్న వేస్తే, పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో ఈ ఆపరేషన్ల మధ్యస్థ వయసు 34. మూడింట రెండు వంతులు ప్రైవేటులోనే. డాక్టర్లు కామేశ్వరి, ప్రకాష్ వింజమూరి అంతకు ముందే మెదక్ జిల్లా పల్లెల్లో తిరిగి, అవసరం లేని ఆపరేషన్ల గురించి గట్టిగా మాట్లాడారు. గడ్డపోతారం అప్పుడు ఆ జిల్లాలోదే. తెల్లబట్టకి, నడుంనొప్పికి సంచి తీసేయడం, "పిల్లలయిపోయిండ్రు గదా, ఇంకెందుకు" అనడం. సుశ్రుతుడి హద్దురాయి ఇక్కడా కనబడుతోంది, కాకపోతే కత్తి పట్టుకుని.

స్త్రీశక్తి సంఘటన 1991లో తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' ఈ విషయాలు మన భాషలో మాట్లాడుకోవడానికి దారి వేసింది. ఆ దారి ఫ్యాక్టరీ గేటు దాకా రాలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం తీసి చదివాను. గాలి, ఉష్ణోగ్రత మనిషికి సౌకర్యంగా ఉండాలంటుంది. రెండొందల యాభై మందికి మించి పనిచేసేచోట ఎండాకాలం చల్లని నీళ్ళివ్వాలంటుంది. ముప్ఫై మందికి మించి స్త్రీలుంటే పసిపిల్లలకు గది ఉండాలంటుంది. 1961లో ప్రసూతి చట్టం వచ్చింది. పని దగ్గర స్త్రీ అంటే చట్టానికి తల్లి. ఆ సౌకర్యం ఏ మనిషికన్నది అడగాల్సిన ప్రశ్న. 2025 నవంబరులో ఆ చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి.

ఆమెకు మళ్ళీ కనిపించినప్పుడు ఏం చేస్తున్నావక్కా అని అడిగాను. పొద్దున జొన్నంబలి, మధ్యాహ్నం సల్ల. రాత్రి తడిగుడ్డ మెడ మీద వేసుకుని వాకిట్లో నులకమంచం. ఛాయ్ తగ్గించింది. (వేడి తాగుడూ, కారాలూ ఆవిర్లను రేపుతాయని డాక్టర్లూ అంటారు.) పెళ్ళయి వచ్చిన కొత్తలో ఒళ్ళు మండితే చెరువులో మునిగేదట. ఇప్పుడా నీళ్ళు ఒంటికి తగలనివ్వదు. పటాన్‌చెరు చుట్టుపక్కల మందుల కంపెనీల నీళ్ళను శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఒకే యాంటీబయోటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. 2009లో చెరువుల్లో, బావుల్లోనూ మందుల ఆనవాళ్ళు చూపించారు. ఆవిర్లకూ ఆ నీళ్ళకూ లంకె పెట్టడం లేదు నేను. చల్లబడే చోటు ఒకటి పోయిందనే చెబుతున్నాను.

కంపెనీలో మాత్రం పైన ఫ్యానున్న టేబులు కోసం తోటి ఆడవాళ్ళు వంతులేసుకున్నారు. ఎవరికి ఆవిరొస్తే వాళ్ళు అటు జరుగుతారు, అక్కడున్నామె లేచి చోటిస్తుంది. "సూపర్‌వైజర్ పిలగాడు ఇప్పటికీ ఎందుకు జరుగుతున్నమో అడుగలే" అని నవ్వింది.