రాచకొండ రాజు లెక్కగట్టిన ఎనిమిది గుర్తులు

మా నల్గొండ దిక్కు రాచకొండ అంటే ఇప్పుడు చాలామందికి పోలీసు కమిషనరేటే గుర్తొస్తుంది. 14వ శతాబ్దం చివర ఆ గుట్టల్లోని కోట నుంచి ఏలిన రేచర్ల పద్మనాయక రాజు సర్వజ్ఞ సింగభూపాలుడు మనిషి భావాల మీద ఏకంగా ఒక శాస్త్రగ్రంథమే రాశాడు. పేరు ‘రసార్ణవ సుధాకరం’. సంస్కృతంలో ఉంటుంది. రాజ్యం, యుద్ధాలు చూసుకుంటూ ఇదంతా ఎప్పుడు రాశాడో!

నాటకాల కోసం రాసిందే అయినా చదువుతుంటే మన ఇళ్ళే గుర్తొస్తాయి. భరతుడి బాటలోనే ఆయనా ఎనిమిది సాత్త్విక భావాలు చెప్తాడు. స్తంభం అంటే కొయ్యబారిపోవడం. తర్వాత చెమట, ఒళ్ళు గగుర్పొడవడం, గొంతు జీరపోవడం, వణుకు, ముఖం పాలిపోవడం, కన్నీళ్ళు, సొమ్మసిల్లడం. మనసు నిజంగా కదిలితే తప్ప ఇవి పైకి రావు. నటుడైనా చెయ్యి ఊపినంత సులువుగా చెమట తెప్పించలేడు కదా.

1884లో అమెరికాలో విలియం జేమ్స్ ఈ సంగతే తిరగేసి అడిగాడు. దుఃఖం వచ్చి ఏడుస్తున్నామా, ఏడుస్తున్నాం గనుక దుఃఖమా అని. ఒంట్లో మార్పే ముందు, అది తెలియడమే భావం అన్నాడు. 1927లో వాల్టర్ కానన్ ఒప్పుకోలేదు. గుండెదడ భయానికీ అదే, కోపానికీ అదే, మరి తేడా ఎట్లా తెలుస్తుందన్నాడు. నాకైతే కానన్ మాటే సబబు. మన శాస్త్రంలోనూ కన్నీళ్ళు శోకానికీ ఉన్నాయి, ఆనందానికీ ఉన్నాయి. అందుకే కన్నీళ్ళతో పాటు కారణం కూడా చూడమన్నారు. దానికి విభావం అని పేరు.

మనవాళ్ళకు మెదడు గురించి అన్నీ ముందే తెలుసని మాత్రం నేననను. లోపల బాదంగింజంత అమిగ్డలా ఉంటుందని, అది ప్రమాదం పసిగట్టి హైపోథాలమస్‌కు కబురు పంపితే మన ప్రమేయం లేకుండానే చెమట పడుతుందని వాళ్ళకెట్లా తెలుస్తుంది? వాళ్ళు మనుషుల్ని బాగా చూశారు, అంతే.

మా మామయ్య పోయిన రోజు అత్తమ్మ గోడకానుకుని కూర్చుంది. కదల్లేదు, మెదల్లేదు. ముఖం తెల్లగా పాలిపోయింది. కంట్లో చుక్క లేదు. “ఒక్క సుక్క రాల్సలే, ఏం గుండెనో ఈమెది” అని వచ్చినవాళ్ళు నా ముందే అనుకున్నారు. ఆ మాట ఇప్పటికీ అంటూనే ఉన్నారు. ఎనిమిదిలో రెండు గుర్తులు వాళ్ళ కళ్ళముందే ఉన్నాయి, కన్నీళ్ళొక్కటే లెక్కకొచ్చాయి.

దినాలయ్యాక ఒక పొద్దున పాలాయన ఎప్పటిలాగే లీటరు కొలవబోయాడు. “అర లీటరు సాలు బిడ్డా” అంది అత్తమ్మ. మాట సగంలోనే గొంతు పోయింది. గిన్నె నేనందుకున్నాను. ఆమె మధ్యాహ్నం దాకా ఏడ్చింది.

భావాన్ని రగిలించేవాటిని శాస్త్రంలో ఉద్దీపనలంటారు. సింగభూపాలుడి జాబితాలో వెన్నెల ఉంది, కోయిల కూత ఉంది, చల్లగాలి ఉంది. పాలగిన్నె లేదు.