బోధను పురచరిత్రము

నిజామాబాదునకు పడమట సుమారు 25 కిలోమీటర్ల దూరమున, కాలువలు పాఱు రేగడి నేలల నడుమ బోధను పట్టణము గలదు. పట్టణము చిన్నదే యైనను దాని పేరు మిక్కిలి ప్రాచీనము. ఇచటి జనులు దీనిని భారతమునందలి యేకచక్రపుర మందురు. బకాసురవధ యిచ్చటనే జరిగెననుచు నేకచక్రేశ్వరాలయమును సాక్ష్యముగా జూపుదురు. ఐతిహ్యము గౌరవింపదగినదే గాని చరిత్రకు నదియొక్కటి చాలదు.

పండితులు వేఱొక త్రోవ పట్టిరి. షోడశ మహాజనపదములలో దక్షిణాపథమునకు జెందినది యశ్మక మొక్కటియే. దాని రాజధానిని బౌద్ధులు పోతన యనిరి. సంస్కృత భారతము పౌదన్య మని పేర్కొని, అశ్మకుడను రాజర్షి దానిని నిర్మించెనని చెప్పుచున్నది. జైనుల కది బాహుబలి యేలిన పౌదనపురము. ఈ పేర్లన్నియు బోధనునవే యని పలువురి మతము. శబ్దసామ్యమును గోదావరీ సామీప్యమును దీనికి బలము. అయినను నామసామ్యము త్రోవ చూపును గాని నిర్ణయము చేయజాలదు.

వేములవాడ చాళుక్యుల కాలమునుండి ఆధారములు దృఢపడుచున్నవి. వారి మూలపురుషులలో నొకడగు యుద్ధమల్లుడు బోధనున నూనె నింపిన బావిలో తన యేనుగులకు స్నానము చేయించెనని పంపకవి 10వ శతాబ్దమున విక్రమార్జునవిజయమునందు వ్రాసెను. రాష్ట్రకూట ఇంద్రవల్లభుడు కట్టించిన యింద్రనారాయణాలయము జీర్ణింపగా దాని నుద్ధరించిన వార్తను చాళుక్య త్రైలోక్యమల్లుని నాటి 1056 శాసనము తెలుపుచున్నది. నక్షత్రాకారమగు పునాదిగల దేవళ మసీదు పూర్వము దేవాలయమనియు, తుగ్లకుల కాలమున మసీదయ్యెననియు చెప్పుదురు. ఒకే కట్టడమున రెండు యుగములు నిలిచియున్నవి.

ఈ పట్టణమునకు క్రొత్త దశ 20వ శతాబ్దమున నీటివలన వచ్చెను. మంజీరపై 1923లో నారంభమైన నిజాంసాగరము 1931లో పూర్తియయ్యెను. సుమారు 2,75,000 ఎకరములకు నీరిచ్చుట దాని యుద్దేశము. నీటివెంట చెఱకును, చెఱకువెంట కృష్ణా, గుంటూరు మండలముల రైతులును వచ్చిరి. వారు నిలిచిన చోట్లు నేటికిని 'క్యాంపు' లనబడుచున్నవి. కోసిన చెఱకు నిలువయున్న కొలది తీపి తగ్గును. కావున యంత్రము పొలముల చెంతనే యుండవలెను. ఇట్లు 1937లో శక్కరునగరున నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. తెలుగు, ఉరుదూ, మరాఠీలు నాటనుండి యొకే గానుగ కడ కలిసికొనెను. 2002లో దానిలో నధికభాగము ప్రైవేటు సంస్థ చేతికి పోయెను. 2015 డిసెంబరున పని నిలిచెను.

యుద్ధమల్లుని యేనుగులు కావ్యమున నిలిచినవి. వానికై నూనె మోసినవారి పేర్లు నిలువలేదు. ఆలయము కట్టించినవాని పేరు శాసనమున నున్నది. రాళ్లు చెక్కినవారిది లేదు. చక్కెర కర్మాగారమున కా లోపము పట్టనీయరాదు. చెఱకు తోలిన రైతుల చిట్టాలు, కూలీల హాజరుపట్టీలు, వృద్ధుల జ్ఞాపకములు రాతికంటె త్వరగా నశించును. శిలాశాసనమునకు సిరాపూసి యచ్చు తీయు శ్రద్ధతో వీనిని సేకరించుట బోధను పాఠశాలా పండితులకు దగిన కార్యము. పౌదన్యము బోధను నగునో కాదో యను వాదము మఱి నూఱేండ్లు సాగవచ్చును. ఈ జ్ఞాపకములకు నంత వ్యవధి లేదు.