మతాల గురించిన విద్య (భారతదేశం)

ఏదో ఒక మతాన్ని నమ్మించడం కోసం కాక, వివిధ మతాలనూ మతంతో పనిలేని జీవన దృక్పథాలనూ విద్యార్థికి పరిచయం చేయడం కోసం సాగే బోధన. భారతదేశంలో ఇది విడి పాఠ్యాంశంగా ఎన్నడూ స్థిరపడలేదు. చరిత్ర పుస్తకాల్లోని బౌద్ధ, జైన అధ్యాయాలు, భక్తి, సూఫీ ఉద్యమాల పాఠాలు, నీతి వాచకాల్లోని మహాపురుషుల కథలు కలిపితే ఎంతో అంతే.

వలసకాలపు నేపథ్యం. ప్రభుత్వ పాఠశాల మత విషయంలో తటస్థంగా ఉండాలన్న నియమం 1854 నాటి ఉడ్ విద్యా తాఖీదులో (వుడ్స్ డిస్పాచ్) స్పష్టంగా కనిపిస్తుంది. బైబిలు పాఠశాల గ్రంథాలయంలో ఉండవచ్చు. విద్యార్థి తనంతట తాను అడిగితే ఉపాధ్యాయుడు బడివేళలు ముగిశాక వివరించవచ్చు. తరగతిలో మాత్రం చెప్పరాదు. మిషన్ బడులకు ఈ నియమం వర్తించలేదు. నిజాం రాజ్యం మరో దారి పట్టింది: 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ముస్లిం విద్యార్థులకు దీనియాత్ (మతశాస్త్రం), తక్కినవారికి అఖ్లాఖియాత్ (నీతిశాస్త్రం) తప్పనిసరి. ఒకరి మతం మరొకరికి తెలియజెప్పడం ఈ రెండు పద్ధతుల్లోనూ లేదు.

రాజ్యాంగం. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధను 28వ అధికరణం నిషేధిస్తుంది. మతబోధ జరగాలన్న షరతుతో ఏర్పడిన ధర్మనిధి సంస్థలను, వాటి నిర్వహణ ప్రభుత్వానిదే అయినా, మినహాయిస్తుంది. గుర్తింపు లేదా సహాయం పొందే సంస్థల్లో విద్యార్థి, మైనరైతే సంరక్షకుడు, సమ్మతిస్తే తప్ప మతబోధకు గానీ ఆరాధనకు గానీ హాజరు కానక్కరలేదు. ఈ నిషేధం మతాల అధ్యయనానికి కూడా వర్తిస్తుందనే అభిప్రాయం విద్యాశాఖల్లో చాలాకాలంగా ఉంది. రాజ్యాంగ సభ చర్చలు ఆ అభిప్రాయాన్ని బలపరచవు. 1948 డిసెంబరు 7న ముసాయిదాలోని 22వ అధికరణంపై జరిగిన చర్చలో, సంస్కృత పాఠశాలల సంగతేమిటన్న ప్రశ్నకు బదులిస్తూ అంబేద్కర్, సిద్ధాంతాన్ని విశ్వసింపజేసే బోధ వేరు, అధ్యయనం, పరిశోధన వేరు అని విడదీసి చెప్పారు. తర్వాతి తీర్పులు నడిచిందీ ఈ దారినే కాబట్టి, దీన్నే ప్రామాణికంగా తీసుకోవడం సమంజసం.

సంఘాలు, నివేదికలు. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం మత విద్యకు ఒక అధ్యాయాన్నే కేటాయించింది. నివేదిక సంవత్సరాన్ని కొందరు 1949గా, కొందరు 1950గా పేర్కొంటారు. పని ముగిసింది 1949 ఆగస్టులో కనుక మొదటిదే సరైనదనిపిస్తుంది. 1931-36 మధ్య ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన తత్త్వవేత్త రాధాకృష్ణన్ ముద్ర ఈ అధ్యాయంపై స్పష్టంగానే ఉంది. రోజూ తరగతులకు ముందు కొన్ని నిమిషాల మౌనధ్యానం; డిగ్రీ మొదటి ఏట బుద్ధుడు, కన్ఫ్యూషియస్, జరతుష్ట్ర, సోక్రటీస్, ఏసు, శంకరుడు, రామానుజుడు, మధ్వుడు, మహమ్మద్, కబీర్, నానక్, గాంధీ వంటి వారి జీవితాలు; రెండో ఏట వివిధ మతగ్రంథాల నుంచి సార్వజనీనమైన భాగాలు; మూడో ఏట మతతత్త్వశాస్త్రంలోని ప్రధాన సమస్యలు. జాబితాలో సోక్రటీస్‌కు చోటు దొరికింది, భౌతికవాదులైన చార్వాకులకు దొరకలేదు.

శ్రీప్రకాశ సంఘం (1959-60) చిన్న తరగతులకు సాధువుల, ప్రవక్తల కథలను, కళాశాలకు వివిధ మతాల సాధారణ అధ్యయనాన్ని సూచించింది. కొఠారి కమిషన్ (1964-66) మరింత కచ్చితంగా మాట్లాడింది. మత విద్య ఒకటి, మతాల గురించిన విద్య మరొకటి అని విడదీసి, రెండోది పౌరశిక్షణలో భాగం కావాలంది. అందుకు అవసరమైన పుస్తకాన్ని జాతీయ స్థాయిలో తయారు చేయాలని కూడా సూచించింది. ఈ సిఫారసుల్లో ఆచరణకు వచ్చింది స్వల్పం.

న్యాయస్థానాలు. డి.ఎ.వి. కళాశాల కేసులో (1971) గురునానక్ జీవితం, బోధనలపై విశ్వవిద్యాలయ అధ్యయనం మతబోధ కిందికి రాదని సుప్రీంకోర్టు తేల్చింది. 1999లో ఎస్.బి. చవాన్ నేతృత్వంలోని పార్లమెంటరీ సంఘం సత్యం, ధర్మం, శాంతి, ప్రేమ, అహింస అనే అయిదు విలువల చుట్టూ విద్య సాగాలంది. పుట్టపర్తి సత్యసాయి సంస్థల విద్యా కార్యక్రమంలోనూ ఉన్నవి ఈ అయిదే. 2000 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఈ నివేదికపై ఆధారపడగా, సామాజిక కార్యకర్త అరుణా రాయ్ తదితరులు ఆ చట్రాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 2002 సెప్టెంబరు 12న ధర్మాసనం చట్రాన్ని సమర్థించింది. జస్టిస్ ధర్మాధికారి విడిగా రాసిన అభిప్రాయంలో మతాల అధ్యయనానికి 28వ అధికరణం అడ్డు కాదన్నారు. అయితే పాఠం ఏ క్షణాన ప్రచారంగా మారుతుందో తరగతి గదిలో గుర్తించేదెవరన్న విమర్శకుల ప్రశ్న తీర్పుతో తీరిపోయేది కాదు.

మతరహిత దృక్పథాలు. సంఘాల నివేదికలన్నిటిలోనూ పలచగా ఉన్న చోటు ఇది. తెలుగునాట అనుభవం మాత్రం పలచనిది కాదు. నాస్తికత్వం కారణంగా 1930లలో కాకినాడ కళాశాల ఉద్యోగం పోగొట్టుకున్న గోరా (గోపరాజు రామచంద్రరావు) 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం నెలకొల్పారు. 1947లో అది విజయవాడకు మారింది. పాఠ్యపుస్తకం స్థాయిలో చెప్పుకోదగిన ప్రయత్నం కేరళది. 2008 నాటి ఏడో తరగతి సాంఘికశాస్త్ర పుస్తకంలో ఒక పాఠం ఉంది: అన్వర్ రషీద్, లక్ష్మీదేవి తమ కొడుకు జీవన్‌ను బడిలో చేర్చడానికి వస్తారు. మతం ఏమని రాయాలని ప్రధానోపాధ్యాయుడు అడుగుతాడు. ఏదీ అక్కర్లేదంటారు. పెద్దయ్యాక కావాలనిపిస్తే వాడే ఎంచుకుంటాడంటారు. పాఠం అంతే. పుస్తకం నాస్తికతను బోధిస్తోందని మత సంస్థలు, ప్రతిపక్షాలు ఆందోళనకు దిగాయి. నిరసనల మధ్య మలప్పురం జిల్లాలో ఒక ప్రధానోపాధ్యాయుడు దాడికి గురై మరణించారు. చరిత్రకారుడు కె.ఎన్. పణిక్కర్ అధ్యక్షతన వేసిన సంఘం కొన్ని మార్పులు సూచించింది. పాఠంలోని ప్రశ్న మాత్రం దరఖాస్తు ఫారాల్లో మిగిలే ఉంది: జనన నమోదులో మతం, కులం లేవని రాసుకునే వీలు కల్పించాలని తెలంగాణ హైకోర్టు 2023లో ఆదేశించింది.

ఉన్నత విద్య. పటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయంలో మతాల అధ్యయనానికి ప్రత్యేక శాఖ 1967 నుంచి ఉంది. 1930లో లాహోర్‌లో మొదలై 1970ల ఆరంభంలో హైదరాబాద్ చేరిన హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్, ముస్లింల మధ్య మతప్రచారానికి క్రైస్తవులకు శిక్షణనిచ్చే సంస్థగా పుట్టి, క్రమంగా మతాల మధ్య అవగాహన, సయోధ్యల వైపు మళ్లింది.