దేహమున కాపురమున్న క్రిములు

డెల్ఫ్ట్ నగరమున బట్టల వ్యాపారి యగు లీవెన్‌హోక్ 1683లో తన పంటిపాచిని గీకి, తాను సానపట్టిన కటకముతో చూచెను. అందు చురుకుగా నీదులాడు ప్రాణులను గాంచి, తన దేశమందలి జనులకంటె తన నోటనున్న ప్రాణులే యెక్కువయని లండన్ రాయల్ సొసైటీకి వ్రాసెను. ఈ దేహము మన యొక్కరి సొత్తు కాదను సంగతి నాడే బయటపడినది. లోకము దానిని గ్రహించుటకు మూడువందల యేండ్లు పట్టినది.

ఆలస్యమునకు కారణము లేకపోలేదు. పాశ్చరు, కోఖ్ మహాశయులు రోగములకు క్రిములు మూలమని నిరూపించిన పిదప, క్రిమి యన్న శత్రువే యను తలంపు జనులలో నాటుకొనెను. ఆ దినములలోనే మ్యూనిక్‌లో థియొడోర్ ఎషెరిష్ అను శిశువైద్యుడు పసిబిడ్డల మలమును పరీక్షించి, పుట్టిన కొలదికాలమునకే ప్రేవులలో క్రిములు చేరి నివసించునని 1885లో ప్రకటించెను. ఆయన వర్ణించిన క్రిమికి నేడాయన పేరే కలదు.

ఇచ్చట యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరింపక మేము ముందునకు సాగజాలము. భీమవరమున జన్మించి, మదరాసు వైద్యకళాశాలలో చదివి, స్ప్రూ అను ప్రేవుల వ్యాధితో స్వయముగ బాధపడిన యాయన అమెరికాలో లెడర్లే పరిశోధనలకు నాయకుడయ్యెను. ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ నిర్మించినది. ఆ పనిలో తూనికరాయి యొక క్రిమియే! లాక్టోబాసిల్లస్ కేసియై అను నా క్రిమి ఫోలిక్ ఆమ్లము లేనిదే పెరుగదు. అది పెరిగిన మేరను బట్టి ద్రవమున నా పదార్థమెంత కలదో గణించెడివారు. మన ప్రేవులలోని కొన్ని క్రిములు ఆ విటమినునే తయారుచేయును. అదే పరిశోధనాలయమునుండి 1948లో క్రిములను సంహరించు ఆరియోమైసిన్ వెలువడెను. ఒక్క యింటనే క్రిమి సాక్షియు నయ్యెను, వధ్యమును నయ్యెను. అట్టి మందులు రోగక్రిములతోపాటు ప్రేవులలోని హితులను సైతము చంపుననుట తరువాత విశదమైనది.

ప్రేవులలోని క్రిములు పెక్కు గాలి తగిలిన చచ్చును. పాత్రలలో పెంచుట దుస్సాధ్యము. 1977లో కార్ల్ వోస్, జార్జి ఫాక్స్ రైబోసోములందలి ఆర్‌ఎన్‌ఏను పోల్చి జీవుల వంశవృక్షమును తిరుగవ్రాసిరి. ఆ పద్ధతినుండియే క్రిములను పెంచకయే వాని జాడ చదువు మార్గమేర్పడెను. ఐరోపా పరిశోధకులు 2010లో 124 మంది మలమునుండి 33 లక్షల జన్యువుల పట్టిక కూర్చిరి. అమెరికా ప్రభుత్వము 2007లో నారంభించిన మానవ మైక్రోబయోమ్ ప్రణాళిక 2012లో 242 మంది ఆరోగ్యవంతుల ఫలితములను ప్రకటించెను. క్రిములు మన కణములకు పదిరెట్లని పుస్తకములు చిరకాలము వల్లించినవి. ఎవరు లెక్కించిరో యడిగినవారు అరుదు! 2016లో రాన్ సెండర్ ప్రభృతులు గణించి, క్రిములు 38 లక్షల కోట్లు, కణములు 30 లక్షల కోట్లు అనిరి.

ఆ 242 మందియు హ్యూస్టన్, సెయింట్ లూయీ అను రెండు నగరములలో చేర్చుకొనబడినవారు. రాగిముద్దయు, జొన్నసంకటియు తిను మన పల్లెలవారి ప్రేవుల వృత్తాంతమును ఆ పట్టికలలో వెదకుట వ్యర్థము.