జీవో 248: రేటు కట్టారు, పేదకు మంచం దక్కలేదు

కరోనా మొదటి నెలల్లో తెలంగాణలో పరీక్షలూ చికిత్సా సర్కారు దవాఖానాల్లోనే జరిగాయి. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి మొత్తాన్ని కోవిడ్‌కే కేటాయించారు. కేసులు పెరిగాక, 2020 జూన్ 15న జీవో 248 ఇచ్చి ప్రైవేటు ఆసుపత్రులకు తలుపులు తెరిచారు. రోజుకు ఐసోలేషన్ వార్డుకు రూ. 4,000, వెంటిలేటర్ లేని ఐసీయూకి రూ. 7,500, వెంటిలేటర్‌తో అయితే రూ. 9,000 మించి తీసుకోరాదన్నారు. పరీక్ష ధర రూ. 2,200.

ఆ ఏడాది తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఉపాధి హామీ కూలి రోజుకు రూ. 237. అంటే వార్డులో ఒక్క రోజు పడుకోవాలంటే దాదాపు 17 రోజుల కూలి, వెంటిలేటర్ మీద ఒక్క రోజుకు 38 రోజుల కూలి. లాక్‌డౌన్‌లో ఆ కూలి పనైనా ఎంతమందికి దొరికింది? భూమి లేని మాదిగ, మాల కుటుంబానికి ఈ పరిమితి ఉన్నా లేనట్టే.

అసలు బిల్లు ఆ పరిమితి బయటే తయారైంది. పీపీఈ కిట్లు, టోసిలిజుమాబ్ వంటి ఖరీదైన మందులు, సీటీ, ఎమ్మారై స్కాన్లను జీవోయే లెక్కలోంచి తప్పించింది. పీపీఈ కిట్ రూ. 273 దాటకూడదని ప్రభుత్వం చెప్పింది 2021 జూన్‌లో, రెండో అల తగ్గుముఖం పట్టాక. ఈ లోపు లక్షల బిల్లుల మీద ఫిర్యాదులు వెల్లువెత్తాయి. 2020 ఆగస్టులో హైదరాబాద్‌లో రెండు కార్పొరేట్ ఆసుపత్రులకు, 2021 మేలో మరికొన్నింటికి కోవిడ్ చికిత్స అనుమతి రద్దు చేశారు. అప్పు చేసి కట్టిన డబ్బు తిరిగి ఇప్పించడం వేరే పోరాటం.

బీమా సంగతి చూద్దాం. ఆంధ్రప్రదేశ్ 2020లోనే కోవిడ్‌ను ఆరోగ్యశ్రీలో చేర్చింది. 2021 మేలో ఆ పథకం ఉన్న ఆసుపత్రుల్లో సగం పడకలు కార్డుదారులకే ఇవ్వాలంది. అమలు మీద విమర్శలున్నా, కార్డు చూపించి అడిగే హక్కయినా ఉండేది. తెలంగాణ ఆరోగ్యశ్రీలో అప్పట్లో అదీ లేదు. ఆయుష్మాన్ భారత్‌లో రాష్ట్రం చేరింది 2021 మే 18న. ప్రైవేటు ల్యాబుల్లో అందరికీ ఉచితంగా పరీక్షలు చేయాలని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 8న చెప్పి, అయిదు రోజులకే దాన్ని ఆయుష్మాన్ భారత్ లబ్ధిదారులకు, ప్రభుత్వం గుర్తించే పేద వర్గాలకు కుదించింది. ఆ పథకంలో లేని రాష్ట్రపు పేదలకు దీంతో ఒరిగింది తక్కువే.

టీకాలోనూ ఇదే వరస. 2021 మే నుంచి ఉత్పత్తిలో 25 శాతం ప్రైవేటు ఆసుపత్రులకు పోయింది. జూన్‌లో కోవిషీల్డ్ డోసుకు రూ. 780, కోవాగ్జిన్‌కు రూ. 1,410 గరిష్ఠ ధరగా నిర్ణయించారు. పట్నంలో కార్పొరేట్ ఆసుపత్రులు గేటెడ్ కమ్యూనిటీల గడపకే వెళ్లి టీకాలేశాయి. వాడల జనం పీహెచ్‌సీ ముందు క్యూ కట్టారు.

భారమంతా మోసిన సర్కారు దవాఖానాలో పనిచేసిందెవరు? 2020 జూలైలో గాంధీలో అవుట్‌సోర్సింగ్ నర్సులు సమ్మెకు దిగారు. వాళ్ల జీతం నెలకు రూ. 17,500. జీవో ప్రకారమే ప్రైవేటులో వెంటిలేటర్ మీద రెండు రోజులకు అయ్యేది రూ. 18,000. సమ్మె తర్వాత జీతం రూ. 25,000కు పెంచారు. వార్డులు ఊడ్చే, శవాలు మోసే కార్మికులూ రోడ్డెక్కాల్సి వచ్చింది. ఈ పనుల్లో ఎక్కువమంది దళితులే. వాళ్లకు కోవిడ్ వస్తే పడక దొరికేది తాము ఊడ్చిన ఆ వార్డులోనే.