ఆకు సంఖ్య నుంచి లంకె దాకా: విషయసూచిక కథ

పుస్తకం చేతికి రాగానే పీఠిక కంటే ముందు విషయసూచిక చూసే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ ఒక్క పుట ఎందుకు పుట్టింది, అచ్చు పుస్తకంలో బుద్ధిగా ఉన్నది ఈ-పుస్తకంలో ఎందుకు మొరాయిస్తుంది అన్న ప్రశ్నలు కొంతకాలంగా నా మనసులో మెదులుతున్నాయి. తెలుసుకున్న సంగతులు మిత్రులతో పంచుకుందామని ఈ వ్యాసం.

రోమను పండితుడు ప్లీనీ క్రీ.శ. 77 ప్రాంతంలో తన 'ప్రకృతి చరిత్ర'ను చక్రవర్తి కుమారుడైన టైటస్‌కు అంకితం చేశాడు. అందులో 37 భాగాలున్నాయి. మొదటి భాగం మొత్తం విషయసూచికే! ఏ భాగంలో ఏముందో, ఏ గ్రంథకర్తల నుంచి గ్రహించాడో వరుసగా రాశాడు. పనుల ఒత్తిడిలో ఉన్న టైటస్ గ్రంథమంతా చదవనక్కరలేదనీ, ఎవరికి కావలసినది వారు వెతుక్కోవచ్చుననీ పీఠికలో చెప్పాడు. తనకంటే ముందు లాటినులో ఈ పని చేసినవాడు వలేరియస్ సోరానస్ అని ఒప్పుకోవడం ఆయన పెద్దమనసు.

మన దేశంలో సూచికకు మరో ప్రయోజనం కనిపిస్తుంది. మహాభారతం ఆదిపర్వంలో మొదటిది అనుక్రమణికా పర్వం, రెండవది పర్వసంగ్రహ పర్వం. నూరు ఉపపర్వాల పేర్లే కాక, 18 పర్వాలలో ఒక్కొక్కదానికి ఎన్ని అధ్యాయాలో, ఎన్ని శ్లోకాలో కూడా పర్వసంగ్రహం లెక్క చెబుతుంది. కాత్యాయనుని సర్వానుక్రమణి ఋగ్వేదంలోని ప్రతి సూక్తానికీ తొలి పదం, ఋక్కుల సంఖ్య, ఋషి, దేవత, ఛందస్సు పేర్కొంటుంది. ప్లీనీ సూచిక వెతుక్కునేవాడికి దారి చూపిస్తే, మన అనుక్రమణికలు గ్రంథానికి కావలి కూడా కాశాయి. లెక్క తప్పిందంటే ఏదో జారిపోయిందనో, చొరబడిందనో తెలిసిపోతుంది.

ఇక తాళపత్రాల సంగతి. ఆకుకొక సంఖ్య వేసేవారు. అది ఆకులు చెదిరిపోతే తిరిగి వరుసలో పేర్చుకోవడానికి పనికివచ్చేది కానీ, చదువరికి చిరునామాగా పనికిరాదు. ఆకు పొడవును బట్టి, గంటం పట్టిన చేతిని బట్టి ఒకరి ప్రతిలోని 40వ ఆకు మరొకరి ప్రతిలో 52వ ఆకు కావచ్చు. అందుకే మన పూర్వులు 'ఫలానా పర్వం, ఫలానా ఆశ్వాసం' అన్నారు. ప్రతి ఆశ్వాసం చివర కవి పేరు, గ్రంథం పేరు, ఆశ్వాసం పేరు చెప్పే గద్య ఒక మైలురాయి. ఆకు మారుతుంది, ఆశ్వాసం మారదు.

అచ్చు వచ్చి ఈ పద్ధతిని తలకిందులు చేసింది. 1470లో కొలోన్ నగరంలో ఆర్నోల్డ్ తేర్ హోర్నెన్ అచ్చువేసిన ఒక చిన్న పుస్తకంలో ఆకులకు సంఖ్యలు కనిపిస్తాయి. ఒక ముద్రణలోని ప్రతులన్నీ ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి పుట సంఖ్యే చిరునామా అయింది. ప్రకరణం పేరు, వరుసగా చుక్కలు, చివర ఒక అంకె. మనకు తెలిసిన విషయసూచిక రూపం ఇదే.

ఈ-పుస్తకం మళ్ళీ మనల్ని తాళపత్రాల కాలానికి తీసుకుపోయింది. చదువరి అక్షరాలను కాస్త పెద్దవి చేసుకుంటే 200 పుటలు 350 తెరలు కావచ్చు. పుట సంఖ్యకు అర్థం పోయింది. ఆశ్వాసం వంటి స్థిరమైన గుర్తు మళ్ళీ కావలసి వచ్చింది. 2007లో వెలువడిన ఈపబ్ 2 ప్రమాణం అందుకోసం ఎన్‌సీఎక్స్ అనే దస్త్రాన్ని స్వీకరించింది. అది చూపులేని వారి కోసం తయారైన డైసీ శ్రవణ పుస్తకాల ప్రమాణం నుంచి వచ్చింది! పుటలు తిరగేయలేని వారు ప్రకరణం నుంచి ప్రకరణానికి వెళ్ళడానికి వేసిన బాట మీద ఇవాళ మనమందరం నడుస్తున్నాం. 2011లో వచ్చిన ఈపబ్ 3లో దాని స్థానాన్ని మామూలు హెచ్‌టీఎంఎల్ లంకెల పట్టిక ఆక్రమించింది.

ఈ మధ్య ఒక పాత వ్యాససంపుటిని ఈపబ్‌గా మలచడానికి కూర్చున్నాను. నా చేతికి వచ్చిన దస్త్రంలో శీర్షికలన్నీ చూడముచ్చటగానే ఉన్నాయి కానీ సూచికలోకి ఒక్కటీ రాలేదు. కారణం సులభమే. అవి లావు చేసిన మామూలు వాక్యాలు. కంటికి శీర్షికే, కంప్యూటరుకు కాదు. వాటికి శీర్షిక శైలి ఇస్తే తప్ప క్యాలిబర్, సిజిల్ వంటి ఉపకరణాలు తమంతట తాము గుర్తించలేవు. ప్రకరణం సంఖ్యను ఒక శీర్షికగా, పేరును మరొక శీర్షికగా ఉంచితే సూచికలో ఒక్కొక్కటి రెండేసి సార్లు వస్తుంది. రెంటినీ ఒకే శీర్షికలో ఉంచాలి. చేత్తో కొట్టిన చుక్కలనూ పుట సంఖ్యలనూ తీసివేయాలి.

తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. పాత డీటీపీ ఖతులలో కూర్చిన శీర్షికలు పుటలో తెలుగులా కనిపించినా, పక్కన తెరుచుకునే సూచికలో అర్థంలేని ఆంగ్లాక్షరాలై తేలతాయి. ఆ సూచిక పుస్తకంలోని ఖతిని వాడుకోదు మరి. యూనికోడులోకి మార్చడం తప్ప దీనికి మందు లేదు.

ఇదంతా చాదస్తమని అనిపించవచ్చు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుణ్యమా అని వేల తెలుగు పుస్తకాలు పుటల బొమ్మలుగా అంతర్జాలానికి చేరాయి. అందులో ఎన్నింటికి లోపలికి దారి ఉంది? ఒక వ్యాసం కోసం 400 బొమ్మలు తిరగేసే ఓపిక ఎందరికి ఉంటుంది? చూపులేని చదువరి సంగతి చెప్పనే అక్కరలేదు. పుస్తకం దొరకడం వేరు, అందులోని మాట దొరకడం వేరు. మన వద్ద ఉన్న పాత పుస్తకాలలో తలా ఒకదానికి సూచిక కట్టి పెట్టినా, పర్వసంగ్రహం రాసిన ఆ అజ్ఞాత పెద్దల ఋణం కొంతైనా తీర్చుకున్నవాళ్ళమవుతాం.