నీరు ఎటు చేరుతుంది: మహానౌకల లోపలి గోడలు, ఒరుగుడు, లైఫ్‌బోట్లు

ప్రయాణికుల మహానౌకల భద్రత గురించి రాసేవాళ్లు ముందుగా నీరు చొరబడని గదులెన్ని అని లెక్కపెడతారు. ఆ లెక్క అవసరమే, కానీ చాలదు. ఆ గదులను విడదీసే గోడలు ఓడకు అడ్డంగా ఉన్నాయా, పొడుగునా ఉన్నాయా అన్నది ప్రయాణికుల ప్రాణాలకు అంతకన్నా ముఖ్యమని ఈ వ్యాసం వాదన.

1912 ఏప్రిల్ 14 రాత్రి 11:40కి మంచుకొండను రాసుకున్న టైటానిక్‌లో 15 అడ్డుగోడలు, 16 గదులు ఉన్నాయి. ముందున్న నాలుగు గదులు నిండినా అది తేలగలదు. ఆ రాత్రి అంతకన్నా ఎక్కువ గదులు దెబ్బతిన్నాయి. గోడలు పై డెక్కుల దాకా లేవకపోవడంతో, ముందుభాగం దిగేకొద్దీ నీరు ఒక్కో గోడ మీదుగా వెనక గదిలోకి పొంగింది. పొట్టుకు పడిన చీలికల మొత్తం వైశాల్యం 12 చదరపు అడుగుల ప్రాంతంలోనే ఉంటుందని నిర్మాణ సంస్థ ఇంజనీరు ఎడ్వర్డ్ వైల్డింగ్ విచారణలో లెక్క చెప్పాడు. గోడలు అడ్డంగా ఉండటం వల్ల నీరు ఓడ వెడల్పంతా పరుచుకుంది. ముక్కు దిగిందే గాని ఓడ పెద్దగా పక్కకు ఒరగలేదు. 2 గంటల 40 నిమిషాల వ్యవధి దొరికింది, 20 లైఫ్‌బోట్లలో 18 దించగలిగారు. ఓడలో ఉన్నది సుమారు 2,200 మంది, పడవల్లో చోటు 1,178 మందికే. 1,500 మందికి పైగా చనిపోవడానికి ప్రధాన కారణం ఈ తేడానే.

లుసిటానియా అనే మరో ప్రయాణికుల నౌక కథ వేరు. బ్రిటిష్ నౌకాదళం అవసరాన్ని దృష్టిలో పెట్టుకుని, యుద్ధనౌకల పద్ధతిలో ఇంజన్లకు, బాయిలర్లకు రెండు పక్కలా పొడుగునా బొగ్గు గదులు కట్టారు. ఫిరంగి గుండును బొగ్గు ఆపుతుందన్న లెక్క అది. కానీ టార్పెడో నీటి మట్టం కింద తగులుతుంది. 1915 మే 7న కుడి పక్క తగిలిన టార్పెడో దెబ్బతో నీరు ఆ పక్కనే పోగుపడింది, పొడుగు గోడ దాన్ని అవతలికి పోనివ్వలేదు. ఓడ చూస్తుండగానే కుడికి ఒరిగింది. ఎడమ పక్క పడవలు డెక్కు మీదికే ఊగాయి, కుడి పక్కవి అందకుండా దూరంగా వేలాడాయి. 48 పడవల్లో సవ్యంగా దిగినవి ఆరే. ఓడ 18 నిమిషాల్లో మునిగింది, దాదాపు 1,200 మంది చనిపోయారు. తెరిచి ఉన్న కిటికీలు కూడా నీటిని లోపలికి పిలిచాయి, అయినా మొదట ఒరుగుడు పుట్టించింది గోడల అమరికే. టైటానిక్‌లో పడవలు చాలలేదు, ఇక్కడ పడవలుండీ పనికి రాలేదు.

పొడుగు గోడ తనంతట తాను చెడ్డది కాదు. 1862లో న్యూయార్క్ దగ్గర రాతికి తగిలిన గ్రేట్ ఈస్టర్న్ ఓడ బయటి పొట్టు పొడవుగా చీలినా, దాని రూపకర్త బ్రూనెల్ పెట్టించిన లోపలి పొట్టు నిలిచింది. ఓడ సొంత శక్తితో రేవు చేరింది. అక్కడ రెండు పొట్టుల మధ్య సందు చిన్నది, పట్టే నీరూ తక్కువ. లుసిటానియా బొగ్గు గదులు పెద్దవి.

1956 జులై 25న స్టాక్‌హోమ్ అనే ఓడ ఢీకొన్న ప్రయాణికుల నౌక ఆండ్రియా డోరియాలో, నీరు ఒక పక్కనే చేరే సమస్య ఇంధన ట్యాంకుల రూపంలో తిరిగొచ్చింది. ప్రయాణం చివరికొచ్చి ట్యాంకులు ఖాళీ అయ్యాయి. కుడి పక్క ట్యాంకుల్లోకి సముద్రం చొరబడింది, ఎడమ పక్కవాటిలో గాలే మిగిలింది. కొద్దిసేపట్లోనే ఒరుగుడు 20 డిగ్రీలు దాటింది, ఎడమ పక్క ఎనిమిది పడవలూ నిరుపయోగమయ్యాయి. ఓడ 11 గంటలు తేలడం, ఇతర ఓడలు చేరుకోవడం వల్ల అత్యధికులు బతికారు. ఇప్పటి అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందం సోలాస్ నియమాల ప్రకారం ఓడ ఏ పక్కకైనా 20 డిగ్రీల దాకా ఒరిగినా లైఫ్‌బోట్లు దిగాలి. ఆండ్రియా డోరియా ఆ హద్దుకు అవతల నిలిచింది.